పుల్ల తల నుంచి పెట్టె పక్కకి: స్వీడన్ అగ్గిపెట్టెల కథ

(ఆదివారం సాయంత్రం గ్రంథాలయంలో ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ మాస్టారు ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకోడానికి రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం అండీ. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా? సరే. బాబూ, ఈ నెత్తి మీద ఫ్యాన్ ఒక్కటి రెండు నిమిషాలు ఆపు, ఉక్కపోస్తుందని తెలుసు, రెండే రెండు నిమిషాలు. నా చేతిలో ఉన్నది ఏంటో మీకు చెప్పక్కర్లేదు. అగ్గిపెట్టె. ఇదిగో పుల్ల. దీన్ని ఈ టేబుల్ మీద గీస్తున్నా. వెలగలేదు. గోడ మీద గీస్తున్నా. వెలగలేదు. చెప్పు కింద గీసినా వెలగదు, మీకు డౌట్ ఉంటే ఇంటికెళ్ళాక చూసుకోండి, పిల్లలు మాత్రం చూడక్కర్లేదు. ఇప్పుడు పెట్టె పక్కన ఉన్న ఈ పట్టీ మీద గీస్తున్నా. వెలిగింది. ఎందుకు వెలిగింది? పుల్లలో లేనిదేదో ఈ పట్టీలో ఉంది కాబట్టి. ఆ ఒక్క సరుకుని పుల్ల తల మీద నుంచి తీసి పెట్టె పక్కకి మార్చారు, మార్చింది స్వీడన్ వాళ్ళు. నేను ఇవాళ చెప్పేదంతా ఆ మార్పు గురించీ, ఆ మార్పుకి ఎవరు డబ్బు చేసుకున్నారు, ఎవరు ఒళ్ళు పాడుచేసుకున్నారు అన్నదాని గురించీ. ఫ్యాన్ వేసెయ్ బాబూ.

అసలు గీస్తే వెలిగే పుల్ల స్వీడన్ వాళ్ళది కాదండి. అది ఇంగ్లండ్. జాన్ వాకర్ అని మందుల షాపు ఆయన, 1827లో అమ్మడం మొదలుపెట్టాడు, గరుకు కాగితం మడిచి మధ్యలో పుల్ల పెట్టి లాగితే అంటుకునేది. ఆయన పేటెంట్ కూడా తీసుకోలేదు. తర్వాత నాలుగైదేళ్ళకే ఫ్రాన్స్ లో, ఇంకా ఇతర దేశాల్లో పుల్ల తలకి తెల్ల భాస్వరం కలపడం మొదలుపెట్టారు. ఇది వచ్చాక ఇంకేముంది, ఎక్కడ గీస్తే అక్కడ వెలుగుతుంది. గోడ మీద, బూటు కింద, ప్యాంటు మీద. జనానికి భలే నచ్చింది. కానీ తెల్ల భాస్వరం అంటే ఏంటో మన సైన్స్ చదివిన పిల్లలు చెప్పాలి. చెప్పండమ్మా. నీళ్ళల్లో దాచాలి, అవును. ఎందుకు దాచాలి? గాలి తగిలితే దాదాపు 30 డిగ్రీలకే అంటుకుంటుంది. 30 డిగ్రీలు అంటే ఏంటండి, మే నెలలో మన వసారాలో 42 ఉంటుంది! అలాంటి సరుకుని పుల్లకి పూసి జేబులో పెట్టుకుని తిరిగేవాళ్ళు. జేబులో అంటుకునేవి, పెట్టెలో అంటుకునేవి, ఎలక కొరికితే అంటుకునేవి. పైగా అది విషం కూడా.

కొనుక్కున్నవాళ్ళ సంగతి అలా ఉంటే చేసేవాళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఫ్యాక్టరీలో మందు కలిపే చోట, పుల్లలు ముంచే చోట, ఆరబెట్టే గదిలో ఆ ఆవిరి పీలుస్తూ ఏళ్ళకేళ్ళు పనిచేస్తే ముందు పంటి నొప్పి వచ్చేది. పుచ్చుపన్ను ఉంటే ఇంకా తొందరగా. తర్వాత వాపు, చీము, దవడ ఎముక కుళ్ళిపోవడం. ఆ వాసనకి పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. బతకాలంటే దవడ తీసేయాల్సి వచ్చేది. ఇది డాక్టర్లకి 1840ల నాటికే తెలుసు. తెలిసీ ఎన్నేళ్ళు నడిచిందో తెలుసా? అరవై ఏళ్ళ పైన. ఫిన్లండ్ 1872లో నిషేధించింది, డెన్మార్క్ 1874లో. దేశాలన్నీ కూర్చుని స్విట్జర్లండ్ లోని బెర్న్ లో ఒప్పందం రాసుకునేసరికి 1906. మన దేశంలో చట్టం 1913లో వచ్చింది. చవగ్గా వస్తోంది, ఎక్కడైనా వెలుగుతోంది, ఇంక ఎవడు మానేస్తాడండి?

ఇప్పుడు స్వీడన్ కి వద్దాం. స్టాక్‌హోమ్ లో గుస్టాఫ్ ఎరిక్ పాష్ అని కెమిస్ట్రీ ప్రొఫెసర్. బెర్జీలియస్ పేరు విన్నారా? మనం ఇప్పుడు మూలకాలకి ఓ, సీ అని అక్షరాలు రాస్తున్నామే, ఆ పద్ధతి పెట్టినాయన. పాష్ ఆయన శిష్యుడు. ఈ పాష్ 1844లో ఒక పేటెంట్ తీసుకున్నాడు. ఆయన చేసింది ఏంటంటే, తెల్ల భాస్వరం బదులు ఎర్ర భాస్వరం. ఒకటే మూలకం, రూపం వేరు. ఎర్రది విషం కాదు, దానంతట అది అంటుకోదు, రెండొందల డిగ్రీలు దాటి కాల్చాలి. ఇంత నెమ్మదైన సరుకు పుల్లకి పూస్తే లాభమేంటి అంటారా, అక్కడే ఉంది ఆయన తెలివి. దాన్ని పుల్లకి పుయ్యలేదు. పుల్ల తలకి పొటాషియం క్లోరేట్ మందు, అంటే మంటకి ఆక్సిజన్ అందించేది, ఎర్ర భాస్వరం విడిగా గీసే పట్టీ మీద. రెండూ దూరంగా ఉన్నంతసేపు రెండూ బుద్ధిమంతులే. గీసినప్పుడు ఆ ఒరిపిడికి పట్టీ మీద నుంచి రవ్వంత ఎర్ర భాస్వరం లేచి క్లోరేట్ కి తగులుతుంది, చిటుక్కుమని అంటుకుంటుంది, ఆ నిప్పు పుల్ల తలకి పాకుతుంది. మీరు ఇందాక చూసింది అదే.

మరి పాష్ కోటీశ్వరుడు అయ్యాడా? కాలేదండి. స్టాక్‌హోమ్ లో ఒక కంపెనీ వాళ్ళు కొన్నాళ్ళు చేశారు, ఆపేశారు. ఎందుకంటే ఎర్ర భాస్వరం ఖరీదు. ఒక పుల్ల వెలిగించడానికి అంత ఖర్చు ఎవడు పెడతాడు, పక్క కొట్లో తెల్ల భాస్వరం పుల్లలు దాంట్లో కొంచెం ధరకే దొరుకుతుంటే? పాష్ 1862లో పోయాడు. ఆయన తలుచుకున్నది మాత్రం ప్రతి ఇంట్లో ఉంది, ఆయన పేరే ఎవరికీ తెలీదు.

ఇక అసలు ఊరు. స్వీడన్ దక్షిణాన వెట్టర్న్ అని పెద్ద సరస్సు, సముద్రంలా ఉంటుంది, దాని దక్షిణపు కొసన యోన్‌షోపింగ్ అని ఊరు. అక్కడ ఇద్దరు అన్నదమ్ములు, యోహాన్ ఎడ్వర్డ్ లుండ్‌స్ట్రోమ్, కార్ల్ ఫ్రాన్స్ లుండ్‌స్ట్రోమ్. పెద్దాయనకి ప్రయోగాల పిచ్చి, చిన్నాయనకి వ్యాపారం పిచ్చి. ఇద్దరికీ ఒకటే పిచ్చి ఉంటే మునిగిపోయేవాళ్ళు. 1840ల మధ్యలో మొదలుపెట్టారు, 1848 నాటికి సరస్సు ఒడ్డున ఫ్యాక్టరీ కట్టారు, ఆ బిల్డింగ్ ఇప్పుడు అగ్గిపుల్లల మ్యూజియం. మొదట్లో వాళ్ళు చేసినవి కూడా తెల్ల భాస్వరం పుల్లలే, ఇది మర్చిపోకండి. సేఫ్టీ పుల్లలు, అంటే ఈ పట్టీ మీద మాత్రమే వెలిగేవి, వచ్చాక కూడా చాలాకాలం రెండూ పక్కపక్కనే చేశారు, దవడ కుళ్ళు జబ్బు ఆ ఊళ్ళో కూడా వచ్చింది. గొప్పలు చెప్పేటప్పుడు ఈ ముక్క ఎగ్గొట్టేస్తుంటారు.

ఇంతలో ఇంగ్లండ్ లో ఆర్థర్ ఆల్బ్రైట్ అనే ఆయన తెల్ల భాస్వరాన్ని మూసిన పాత్రలో గాలి తగలకుండా వేడిచేసి ఎర్ర భాస్వరంగా మార్చే పనిని ఫ్యాక్టరీ స్థాయిలో చెయ్యడం నేర్చుకున్నాడు. 1851 లండన్ ఎగ్జిబిషన్ లో పెట్టాడు. పెద్ద లుండ్‌స్ట్రోమ్ ఆయన దగ్గర సరుకు తెప్పించుకుని, పాష్ ఆలోచనని ముందేసుకుని, పట్టీని పెట్టె పక్కకే అంటించేశాడు. 1855లో పారిస్ ఎగ్జిబిషన్ లో మెడల్ వచ్చింది. అదే సంవత్సరం ఇంగ్లండ్ లో ఆ పేటెంట్ హక్కులు బ్రయంట్ అండ్ మే కంపెనీ కొనుక్కుంది, అంతకుముందు వాళ్ళు లుండ్‌స్ట్రోమ్ సరుకు దిగుమతి చేసుకుని అమ్మేవాళ్ళు.

బ్రయంట్ అండ్ మే అన్నాను కదా, ఇక్కడ చిన్న పక్కదారి. హక్కులు కొనుక్కున్నారు, సేఫ్టీ పుల్లలు చేశారు, కానీ తెల్ల భాస్వరం పుల్లలు మానలేదు, అవే ఎక్కువ అమ్ముడుపోయేవి. 1888లో లండన్ ఫ్యాక్టరీలో ఆడపిల్లలు దాదాపు 1400 మంది సమ్మె చేశారు. కూలి తక్కువ, జరిమానాలు, పైగా ఈ దవడ జబ్బు. వాళ్ళ గురించి పత్రికలో రాసి గొడవ బయటపెట్టింది ఎవరో చెప్పండి? అనీబిసెంట్. అవును, మన మదనపల్లె కాలేజీ పెట్టిన అనీబిసెంటే. మదనపల్లె వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఉన్నారా, చెయ్యెత్తండి. మీ కాలేజీకి, లండన్ అగ్గిపుల్లల అమ్మాయిలకి, స్వీడన్ పేటెంట్ కి ఇలా చుట్టరికం అన్నమాట.

సరే, మళ్ళీ ఊరికి. మెడల్ వచ్చింది కానీ డబ్బులు వెంటనే రాలేదండి, సేఫ్టీ పుల్ల బతకడానికి పదేళ్ళ పైనే పట్టింది. జనం అడిగేవాళ్ళు, పెట్టె పోతే పుల్ల ఎలా వెలిగించుకోవాలి అని. న్యాయమైన ప్రశ్నే! అందుకే స్వీడన్ లేబుల్ మీద అచ్చేసేవాళ్ళు, ఈ పెట్టె పట్టీ మీద మాత్రమే వెలుగుతుంది, గంధకం లేదు భాస్వరం లేదు అని. పుల్లలో భాస్వరం లేదు నిజమే, పెట్టెకి ఉంది, ఆ సంగతి లేబుల్ చెప్పదు. ప్రకటనలు అప్పుడూ అంతే ఇప్పుడూ అంతే.

పుల్ల సంగతి చెప్పాలి, ఇది నాకు ఇష్టమైన భాగం. ఆ పుల్ల ఆస్పెన్ చెట్టుది. మెత్తగా ఉంటుంది, పోగు తిన్నగా ఉంటుంది, మైనం బాగా పీలుస్తుంది. మన దగ్గర బూరుగు కలప వాడారు దాదాపు అదే గుణానికి. దుంగని నీళ్ళల్లో నానబెట్టి, కత్తికి ఆనించి గుండ్రంగా తిప్పుతారు, చెక్క పొరలా ఊడి వస్తుంది, పొడుగ్గా, పుల్ల మందంలో. ఆ పొరలు దొంతరగా పెట్టి నరికితే పుల్లలు. ఇంకా పల్చటి పొర అయితే పెట్టెకి. తర్వాత పుల్లని ఫాస్ఫేట్ నీళ్ళల్లో ముంచి ఆరబెడతారు. ఎందుకో ఇప్పుడు చూపిస్తా, ఇంకో పుల్ల వెలిగిస్తున్నా... ఊదేశాను. దగ్గరికి రండి ముందు వరస వాళ్ళు. కొసన ఎర్రగా నిప్పు ఏమైనా ఉందా? లేదు. నల్లగా అయిపోయింది, పొగ వస్తోంది అంతే. అదే పొయ్యిలో ఎండుపుల్ల వెలిగించి ఊదండి, కొస కణకణలాడుతూనే ఉంటుంది, రాలితే గడ్డి అంటుకుంటుంది. ఆ ఫాస్ఫేట్ స్నానం లేకపోతే మన తాటాకు ఇళ్ళు ఎన్ని తగలబడేవో. తర్వాత తల వైపు మైనంలో ముంచుతారు, మందు దగ్గర పుట్టిన మంట కర్రకి అందుకోడానికి. ఆ తర్వాతే మందు. మనం అర సెకనులో గీసి పారేసే పుల్లకి ఇన్ని స్నానాలు!

పెట్టెలు ఎవరు చేసేవాళ్ళు? ఇది అడిగేవాళ్ళు తక్కువ. యోన్‌షోపింగ్ చుట్టుపక్కల ఇళ్ళల్లో చేసేవాళ్ళు. ఫ్యాక్టరీ నుంచి పల్చటి చెక్క పొర, కాగితం, లేబుళ్ళు తెచ్చుకుని, పిండి జిగురు ఉడకబెట్టి, చెక్కని గీత దగ్గర మడిచి, కాగితం చుట్టి అంటించి, ఇల్లంతా పరిచి ఆరబెట్టి, మళ్ళీ ఫ్యాక్టరీకి మోసుకెళ్ళి ఇచ్చేవాళ్ళు. వెయ్యికి ఇంత అని కూలి. తల్లి, ముసలమ్మ, పిల్లలు అందరూ కూర్చోవాలి, అప్పుడే కాస్త డబ్బు కనపడేది. బీడీలు చుట్టే ఇళ్ళు చూసినవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. ఫ్యాక్టరీ లోపల కూడా పుల్లలు పెట్టెల్లో నింపే పని పిల్లలదే చాలావరకు. పన్నెండేళ్ళలోపు పిల్లల్ని ఫ్యాక్టరీల్లో పెట్టకూడదని స్వీడన్ లో 1881లో రూల్ వచ్చింది. ఫ్యాక్టరీల్లో అన్నారు, ఇళ్ళల్లో అనలేదు. గమనించారా?

ఈ ఇంటి పనిని మింగేసింది అలెగ్జాండర్ లాగర్‌మన్ అనే ఇంజినీర్. యోన్‌షోపింగ్ ఫ్యాక్టరీలో చేరి ఒక్కొక్క పనికీ ఒక్కొక్క యంత్రం తయారు చేసుకుంటూ వచ్చాడు, పెట్టె చేసేది, పెట్టె నింపేది, లేబుల్ అంటించేది. చివరికి 1892లో అన్నీ కలిపిన యంత్రం. ఒక వైపు పుల్లలు పోస్తే రెండో వైపు నిండిన పెట్టెలు. స్వీడన్ ప్రపంచాన్ని ఏలింది కెమిస్ట్రీతో కాదండి, నేను కెమిస్ట్రీ మాస్టారునై ఉండి ఈ మాట అంటున్నా. కెమిస్ట్రీ పుస్తకంలో ఉంది, ఎవడైనా చదువుకోవచ్చు. ఏలింది ఈ యంత్రంతో. పాష్ దగ్గర లేనిది ఇదే, చవక.

ఇప్పుడు కథలో విలన్ వస్తాడు. లేదా హీరో, స్వీడన్ లో ఇప్పటికీ రెండు వర్గాలు. ఇవార్ క్రూగర్. 1880లో కాల్మార్ అనే ఊళ్ళో పుట్టాడు, చదివింది ఇంజినీరింగ్, అమెరికా వెళ్ళి కాంక్రీటు పని నేర్చుకుని వచ్చి 1908లో పాల్ టోల్ తో కలిసి కన్‌స్ట్రక్షన్ కంపెనీ పెట్టాడు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ స్టేడియం కట్టింది వాళ్ళే. ఇంట్లో వాళ్ళకి చిన్న చిన్న అగ్గిపుల్లల ఫ్యాక్టరీలు ఉన్నాయి. 1913లో వాటినీ ఇంకొన్నిటినీ కలిపి ఒక కంపెనీ చేశాడు. అప్పటికి యోన్‌షోపింగ్ వాళ్ళు టీడాహోల్మ్ అనే ఊళ్ళో ఉన్న వల్కాన్ అనే అగ్గిపుల్లల కంపెనీతో కలిసి పెద్ద ఏనుగులా ఉన్నారు. ఇంతలో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, బయట నుంచి రావాల్సిన కెమికల్స్ కి కటకట. క్రూగర్ ఏం చేశాడు? క్లోరేట్, భాస్వరం చేసే ఫ్యాక్టరీల్ని తన చేతిలోకి తెచ్చుకున్నాడు. పుల్ల నీది, మందు నాది, ఇప్పుడు మాట్లాడు అన్నట్టు. 1917లో పెద్ద కంపెనీ వచ్చి చిన్న కంపెనీలో కలిసిపోయింది. అదే స్వీడిష్ మ్యాచ్.

ఆ తర్వాత ఆయన అగ్గిపుల్లలు అమ్మడం మానేసి అప్పులు ఇవ్వడం మొదలుపెట్టాడు. నవ్వకండి, నిజమే. యుద్ధం అయ్యాక యూరప్ లో ప్రభుత్వాల ఖజానాలన్నీ ఖాళీ. ఈయన వెళ్ళి అనేవాడు, మీకు డబ్బు కావాలి, నేను ఇస్తా, బదులుగా మీ దేశంలో అగ్గిపెట్టెలు నేను తప్ప ఎవరూ అమ్మకూడదు. పోలండ్ 1925లో ఒప్పుకుంది. గ్రీస్, హంగరీ, యుగోస్లావియా, రుమేనియా, సముద్రం దాటి ఈక్వడార్. ఫ్రాన్స్ కి 1927లో 75 మిలియన్ డాలర్లు. జర్మనీకి 1929లో 125 మిలియన్ డాలర్లు. జర్మనీలో ఆ అగ్గిపుల్లల మోనోపొలీ ఎప్పుడు ఎత్తేశారో తెలుసా? 1983లో! హిట్లర్ వచ్చాడు పోయాడు, దేశం రెండు ముక్కలైంది, పశ్చిమ జర్మనీ మళ్ళీ కోలుకుని పెద్దదైంది, అగ్గిపెట్టె మాత్రం క్రూగర్ ఒప్పందం ప్రకారమే అమ్మారు.

మరి ఆయనకి అంత డబ్బు ఎక్కడిది? అమెరికాలో జనం దగ్గర తెచ్చాడు. 1923లో న్యూయార్క్ లో ఒక కంపెనీ పెట్టి షేర్లు, బాండ్లు అమ్మాడు, ఎక్కువ డివిడెండ్, అంటే లాభంలో వాటా, ఇచ్చేవాడు, లెక్కలు మాత్రం ఎవరికీ పూర్తిగా చూపించేవాడు కాదు. ఇక్కడ నవ్వుతున్నారంటే మీకు ఎవరో గుర్తొచ్చారు, పేర్లు వద్దు. 1929లో అమెరికా మార్కెట్ పడిపోయింది, కొత్త డబ్బు రావడం ఆగింది, పాత హామీలు మాత్రం ఆగవు కదా. 1932 మార్చి 12న పారిస్ లో తన ఫ్లాట్ లో గుండు దెబ్బతో చనిపోయి కనిపించాడు. ఆత్మహత్య అని పోలీసులు తేల్చారు, కాదు చంపేశారని తమ్ముడు చివరిదాకా వాదించాడు. తర్వాత ఖజానా తెరిస్తే ఇటలీ ప్రభుత్వం పేరు మీద దొంగ బాండ్లు. ఎన్నికల కోసం క్రూగర్ దగ్గర డబ్బు తీసుకున్నాడని బయటపడి స్వీడన్ ప్రధానమంత్రి ఎక్మన్ అదే ఏడాది రాజీనామా చేశాడు. 1933లో అమెరికా షేర్ల మీద గట్టి చట్టం తెచ్చిందంటే దాని వెనక ఉన్న గొడవల్లో ఇదొకటి. ఇంత జరిగినా స్వీడిష్ మ్యాచ్ మాత్రం మూతపడలేదు. ఫ్యాక్టరీలు నిజమైనవే, పుల్లలు నిజమైనవే, కాగితాలే అబద్ధం.

మన దేశానికి ఎప్పుడొచ్చారు? సరుకు ముందే వచ్చేది, స్వీడన్ పుల్లలు, యుద్ధం టైమ్ లో జపాన్ పుల్లలు. 1922లో బ్రిటిష్ ప్రభుత్వం దిగుమతి అగ్గిపెట్టెల మీద గ్రోసుకి రూపాయిన్నర సుంకం వేసింది. గ్రోసు అంటే 144 పెట్టెలు. బయట నుంచి తెస్తే గిట్టదు, ఇంకేం చేస్తారు, లోపలికొచ్చి ఫ్యాక్టరీ పెట్టేశారు. 1923లో వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ, అదే విమ్కో, బొంబాయి పక్కన అంబర్‌నాథ్ లో. తర్వాత బరేలీ, కలకత్తా, మద్రాసు. నెల్లూరు, గూడూరు మీదుగా చెన్నై రైల్లో వెళ్ళేవాళ్ళు తిరువొత్తియూరు కంటే ముందు విమ్కో నగర్ అని స్టేషన్ చూస్తారు, చాలామంది అదేదో తమిళ నాయకుడి పేరనుకుంటారు. కాదండి, అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ పేరు.

తమాషా ఏంటంటే సరిగ్గా ఆ రోజుల్లోనే శివకాశి నుంచి అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు కలకత్తా వెళ్ళి పని నేర్చుకొచ్చి 1923లో సొంతంగా మొదలుపెట్టారు. ఒక వైపు లాగర్‌మన్ యంత్రాల వారసులు, రెండో వైపు ఇళ్ళల్లో చేతిపని. ఎవరు గెలుస్తారు అనుకుంటారు? యంత్రమే అనుకుంటాం కదా. స్వాతంత్ర్యం వచ్చాక చేతిపని పెట్టెలకి ఎక్సైజ్ సుంకం తగ్గించి వేశారు, పెద్ద ఫ్యాక్టరీ పెట్టెకి ఎక్కువ వేశారు, ఇటు కూలీ చవక, శివకాశి నిలబడింది, పెరిగింది. కానీ ఆ చవక ఎక్కడినుంచి వచ్చింది? యోన్‌షోపింగ్ లో ఎక్కడినుంచి వచ్చిందో అక్కడినుంచే. పిల్లల దగ్గర్నుంచి. 1996లో సుప్రీంకోర్టు శివకాశి బాలకార్మికుల కేసులో తీర్పు ఇచ్చేదాకా వచ్చింది వ్యవహారం. వందేళ్ళ తేడాతో అదే జిగురు, అదే పల్చటి చెక్క, అవే చిన్న వేళ్ళు.

ఆ, అక్కడ చెయ్యెత్తారు, చెప్పండమ్మా. విమ్కో ఇప్పుడు ఎవరిది? 2005లో ఐటీసీ గ్రూపు చేతికి వచ్చింది అమ్మా. మీ ఇంట్లో ఓడ బొమ్మ పెట్టె ఉంటే, షిప్, అది ఆ విమ్కో పెట్టే.

ఇంకో ప్రశ్న, వెనకాల. స్వీడన్ లో ఇప్పుడు చేస్తున్నారా? యోన్‌షోపింగ్ లో లేదండి, 1970ల నుంచి అక్కడ మ్యూజియమే. టీడాహోల్మ్ లో ఇంకా చేస్తున్నారు, ఆస్పెన్ తోనే. అక్కడి పెట్టె మీద సూర్యుడి ముందు నడిచే బట్టల్లేని చంటిపిల్లాడి బొమ్మ ఉంటుంది, ఐనర్ నెర్మన్ అనే ఆర్టిస్ట్ గీసింది, 1936 నుంచి అదే లేబుల్. ఆ పెట్టె అమ్మకంలో కొంత ఒక ఫౌండేషన్ కి పోతుంది, జబ్బు పిల్లలకీ ముసలివాళ్ళకీ ఖర్చు పెడతారు. ధర ఎంతా? అది నన్నడక్కండి, అక్కడ మీ అబ్బాయి ఉన్నాడన్నారు కదా, వాట్సాప్ లో అడగండి, నాకు కూడా ఒక పెట్టె తెమ్మనండి. విమానంలో ఎక్కనిస్తారో లేదో ముందు కనుక్కోమనండి.